నాలుక కింద చూడని మూడు రోజులు

పదవీ విరమణ చేసినవాడిని అనుభవాలు రాయమంటే ఏం రాస్తాడో మీకు తెలుసు. అడ్డం తిరిగిన దూడను చేయి పెట్టి సరిచేసి బయటికి తీసింది రాస్తాడు. నడుము లోతు వాగు దాటి గొర్రెల మందను కాపాడింది రాస్తాడు. నా దగ్గరా అలాంటివి నాలుగైదు ఉన్నాయి, పెళ్లిళ్లలో చెప్పి చెప్పి అరగదీశాను. ఇది మాత్రం ఎక్కడా చెప్పలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యులు, ముఖ్యంగా కుక్కపిల్లకు వాంతులు, విరేచనాలు అనగానే చేయి సూది మీదికి పోయేవాళ్లు దీన్ని చదవాలని నా కోరిక. ఎవరి పేరూ రాయడం లేదు. కుక్క పేరు కూడా రాయను, రాస్తే ఆ క్వార్టర్ల లైనులో మూడు నాలుగు ఇళ్లవాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

ప్రత్యేక రాష్ట్రం రావడానికి ఏడెనిమిదేళ్ల ముందటి మాట. గోదావరిఖని గనుల మధ్య ఒక చిన్న పశువుల దవాఖానలో నేను డాక్టరును. మాది జగిత్యాల వైపు పల్లె. బర్రెలు, గొర్రెలు చూడ్డానికి చదువుకున్నవాణ్ని. నేను వచ్చేసరికి చుట్టుపక్కల ఊళ్లు కొన్ని ఓపెన్‌కాస్టు గనుల్లో కలిసిపోయాయి, బర్రెలు తగ్గాయి, వాటి బదులు క్వార్టర్లలో కుక్కలు పెరిగాయి. అందులోనూ అందరికీ తెల్ల పామేరియనే కావాలి. బొగ్గు దుమ్ములో పొద్దున స్నానం చేయించిన తెల్ల కుక్క సాయంత్రానికి బూడిద రంగుకు వచ్చేది. అయినా మళ్లీ తెల్లదే కొనేవారు.

దవాఖానలో నాతోపాటు ఒక కాంపౌండర్ ఉండేవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, ఈ ప్రాంతం పల్లెల్లోనే పుట్టి పెరిగినవాడు. నేను డిగ్రీతో చూసేది ఆయన చేతితో చూసేవాడు. బర్రె నెమరు ఆపేస్తే దాని వెన్ను మీద పిడికిలితో ఒత్తి, అది మూలిగిన తీరును బట్టి "తీగ మింగింది సార్" అనేవాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు నిజమయ్యేది. ఈ ఊళ్లో తీగకు కొదవ లేదు మరి.

ఆ తీగ సంగతి చెప్పాలి. బాయిలో, అంటే భూమి లోపలి గనిలో, బొగ్గు పేల్చడానికి తోటాలు అనే పేలుడు మందు గొట్టాలు పెట్టి, వాటికి సన్నటి రంగు తీగలు కలుపుతారు. పేలాక ఆ తీగ ముక్కలు బొగ్గులో మిగిలిపోతాయి. పసుపు, ఎరుపు, నీలం. పైన మెత్తటి ప్లాస్టిక్కు, లోపల వెంట్రుకంత లోహం. షిఫ్టు దిగి వచ్చేవాళ్లు వాటిని నడుముకు చుట్టుకుని తెచ్చేవారు. ఆడవాళ్లు వాటితో బుట్టలు అల్లేవారు, గిన్నెల కింద పెట్టే చుట్టలు అల్లేవారు, దండేలు కట్టేవారు. ఎంత అందంగా అల్లేవారో చెప్పలేను. బయటికి తేవడం మాత్రం కంపెనీ నిబంధనలకు విరుద్ధం. పైగా అవి పోలీసులు అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం, ఇళ్లు సోదా చేసే రోజులు. తోటాకు సంబంధించిన ఏ ముక్క ఇంట్లో దొరికినా, అది పేలిపోయిన తోటా తీగేనని నమ్మించడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ప్రతి ఇంట్లోనూ తీగ ఉండేది, ఏ ఇంట్లోనూ లేనట్టే అందరూ మాట్లాడేవారు. మా దవాఖానలో సెలైన్ సీసాను మేకుకు వేలాడదీసింది కూడా పసుపు తీగతోనే. కాంపౌండర్ ఎక్కణ్నుంచి తెచ్చాడని నేనెప్పుడూ అడగలేదు.

ఆ వేసవిలో పార్వో విపరీతంగా ఉంది. పార్వో అంటే కుక్కపిల్లల పేగులను పాడుచేసే వైరస్ జబ్బు. ఆగని వాంతులు, నెత్తుటి విరేచనాలు, నాలుగైదు రోజుల్లో ప్రాణం పోవడం. దానికి మందు లేదు, టీకా ఒక్కటే దారి. జబ్బు వచ్చాక సెలైన్ ఎక్కించి, వాంతులు ఆగే సూది ఇచ్చి, దాని ఆయుష్షు గట్టిదైతే బతుకుతుందని చూడ్డమే. రోజుకు రెండు మూడు పిల్లలు వచ్చేవి. చూసి చూసి నాకు ఒక గొప్ప వచ్చేసింది. గుమ్మంలోకి రాగానే వాసన పట్టి "పార్వో" అనేసేవాణ్ని. జనం ఆశ్చర్యపోయేవారు. ఆ ఆశ్చర్యం నాకు బాగుండేది.

మే నెలలో ఒక ఉదయం ఆమె వచ్చింది. ముప్పై దాటిన మనిషి, బాయి కార్మికుడి భార్య. పాత తువ్వాలులో చుట్టి కుక్కపిల్లను పసిపిల్లలా ఎత్తుకుని ఉంది. ఐదు నెలల పామేరియన్ ఆడపిల్ల.

"నిన్న పొద్దుమూకిన సంది కక్కుతాంది సారూ. నీళ్లు తాగినా కక్కుతాంది. ఇయ్యాల పొద్దున పలసగ పారుకున్నది. అండ్ల నెత్తురు జీర ఉన్నది."

"టీకా ఏపిచ్చినవా అమ్మా?"

"లేదు సారూ. జర పెద్దగైనంక ఏపిద్దామని ఊకున్న."

నా వైద్యం అక్కడితో అయిపోయింది. తరువాత జరిగిందంతా మందులు ఇవ్వడమే. ఏం తిన్నదని అడిగాను కానీ, అడిగేటప్పటికే చీటీ మీద పార్వో అని రాసేశాను. పెరుగన్నం అంది, కోడి బొక్క అంది. నేను వినలేదు. జ్వరం చూస్తే నూట రెండు, అంటే కుక్కకు జ్వరం లేనట్టే. పార్వోలో మొదట జ్వరం ఉండాలి. ఉండకపోయినా ఉండకపోవచ్చులే అనుకున్నాను. పిల్ల ముందు కాలితో మూతిని పదే పదే గోక్కుంటోంది. నోటి నుంచి చొంగ కారుతోంది. దవడ పట్టుకోబోతే తల వెనక్కి లాక్కుని కరవబోయింది.

కాంపౌండర్ అది గమనించాడు.

"సార్, ఇది మూతి ఊకె గోకుతాంది. నోట్లె ఏమన్న ఇరికిందేమో. జర తెరిచి చూద్దామా?"

"వాంతులు చేసుకునే కుక్క గోక్కోక ఏం చేస్తది?" అన్నాను.

"బర్రె అయితే తీగ మింగింది అనేటోన్ని," అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ నవ్వులో ఆయన మాట కొట్టుకుపోయింది. బయట ఇంకో రెండు కుక్కపిల్లలు ఎదురుచూస్తున్నాయి. ఆ రెండూ నిజంగా పార్వోనే.

సూదులు వేశాక ఆమెకు నాలుగు మాటలు చెప్పాను. చెప్పాను అనడం కంటే తిట్టాను అనడం న్యాయం. "ఐదు నెలలు టీకా ఎయ్యకుంట పెట్టుకుంటే గిట్లనే అయితది. ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం?" అన్నాను. నేను అనేవరకు ఆమె ఏడవలేదు. రోజూ పిల్లలు కళ్లముందు చనిపోతుంటే ఎవరి మీదో ఒకరి మీద కోపం రావాలి. వైరస్ మీద కోపం వస్తే ఏం చేస్తాం, ఎదురుగా ఉన్న మనుషుల మీద చూపించేవాణ్ని.

రెండో రోజు పొద్దున్నే మళ్లీ వచ్చింది. సెలైన్ ఎక్కడానికి గంట పైనే పడుతుంది. కుక్క కాలికి సూది గుచ్చి పట్టీ వేస్తే, అది కదలకుండా ఆమె పట్టుకుని కూర్చుంది. ఆ గంటలో కాంపౌండర్‌తో మాట్లాడింది. నేను పక్క గదిలో బర్రెల ఎదకు ఇచ్చిన సూదుల లెక్కలు రాసుకుంటూ విన్నాను. పెళ్లయి పన్నెండేళ్లట. రెండుసార్లు కడుపు వచ్చి పోయిందట. కుక్కపిల్లను మంచిర్యాల నుంచి భర్తే సంచిలో పెట్టుకుని తెచ్చాడట.

"ఆయన బాయిల దిగినంక మళ్ల ఎక్కేదాకా నాకు మనసు మనసుల ఉండకపోవు కాకా. ఏ సైరన్ మోగినా వాకిట్లకు ఉరికేదాన్ని. ఇది వచ్చినంక దీనితోని ముచ్చట పెట్టుకుంట కూసుంటున్న. ఇదీ నా మొకమే చూస్తది. ఆయన వచ్చే యాల్లకు నాకంటె ముందుగాల ఇదే లేస్తది."

"ఫికర్ చెయ్యకు బిడ్డా. సారు మంచిగ చూస్తాండు," అన్నాడు కాంపౌండర్.

ఆ రోజు వాంతులు కొంచెం తగ్గినట్టు కనిపించాయి. నేనిచ్చిన సూది పనిచేసిందని సంతోషించాను. నాలుగో రోజుకు ఆకలి పుడితే పలచగా గంజి పట్టమని చెప్పాను. ఆమె ఆ మాటను పట్టుకుని ఇంటికి వెళ్లింది.

ఆ సూది గురించి మీకు చెప్పాలి, ఎందుకంటే నా తప్పులో సగం దాంట్లోనే ఉంది. వాంతులు ఆపడానికి అప్పట్లో మేం వాడే మందు కడుపును, పేగులను వేగంగా కిందికి కదిలిస్తుంది. దారి తెరిచి ఉంటే మంచిదే. దారిలో ఏదైనా అడ్డం పడి ఉంటే మాత్రం ఇవ్వకూడదు. రెండో ఏడాది పుస్తకంలోనే ఉన్న సంగతి, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ పిల్లను సాయంత్రాలు కూడా తెప్పించి రోజుకు రెండు పూటలా ఇచ్చాను.

మూడో రోజు భర్త తెచ్చాడు. ఆయనకు ఆ వారం రెండో షిఫ్టు, మధ్యాహ్నం డ్యూటీకి పోవాలి. బాయిలో తోటాలు పేల్చే జట్టులో పనిచేసేవాడు. సన్నటి మనిషి, కళ్ల అంచుల్లో ఎంత కడిగినా పోని నల్లటి గీత. బల్ల మీద కుక్కను పడుకోబెట్టి, సీసా వంక చూస్తూ నిలబడ్డాడు. సీసా వంక అనుకున్నాను. ఆయన చూస్తున్నది సీసాను కట్టిన పసుపు తీగనని ఆనక తెలిసింది.

కుక్క బాగా నీరసపడింది. పొట్ట మీద చేయి వేస్తే మూలిగింది. కాంపౌండర్ మళ్లీ ఉండబట్టలేక అడిగాడు.

"అన్నా, ఇది ఏమన్న మింగిందా? బట్ట గానీ, దారం గానీ..."

"ఏం మింగలే," అన్నాడు ఆయన, మాట పూర్తి కాకముందే.

అంత తొందరగా వచ్చిన జవాబు వింటే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. పొట్ట నొప్పి కూడా పార్వోలో ఉంటుందని నాలో నేనే చెప్పుకున్నాను. ఒకసారి జబ్బు పేరు రాసేశాక ప్రతి లక్షణాన్నీ ఆ పేరులోకే ఎలా తోసేస్తామో ఆ మూడు రోజుల్లో బాగా నేర్చుకున్నాను. అయితే నేర్చుకున్నానని ఆలస్యంగా తెలిసింది.

నాలుగో రోజు ఆయన డ్యూటీకి నాగా పెట్టి, మూడు గంటలకు మేం దవాఖాన తెరవగానే వచ్చాడు. ఎండకు రోడ్డు మీద పురుగు కూడా లేదు. పిల్ల తల వేలాడేసింది. చిగుళ్లు సున్నంలా తెల్లబడ్డాయి. నాడి దొరకడమే కష్టంగా ఉంది. సూదికి నరం దొరక్క నేను అవస్థపడుతుంటే, కాంపౌండర్ వేలికి గ్లూకోజు అద్దుకుని నాలుక మీద రాద్దామని దాని నోరు తెరిచాడు. కరిచే శక్తి దానికిక లేదు. అలా తెరిచిన నోరు అలాగే పట్టుకుని నా వైపు తిప్పాడు.

నాలుక కింద, మొదట్లో, ఒక పసుపు గీత ఉంది. మాంసంలోకి కోసుకుపోయి, చుట్టూ చీము పట్టి ఉంది. నాలుక చుట్టూ మెలిక పడి, రెండు కొసలూ గొంతులోకి పోయాయి. వేలితో తాకితే గట్టిగా బిగిసి ఉంది. నేను తెలివిలేకుండా కొంచెం లాగాను. కుక్క సన్నగా మూలిగింది. కాంపౌండర్ నా మణికట్టు పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో డాక్టరు చేయి పట్టుకోవడం ఆయనకు అదే మొదటిసారి అనుకుంటాను.

చిన్న పిల్లలూ, చిన్న కుక్కలూ ఏ ఊళ్లోనైనా దారాలు మింగుతాయి. నాలుకకు చుట్టుకున్న దారం పైన అలాగే ఉండిపోతుంది, పేగు మాత్రం దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. దారం కిందికి పోదు కాబట్టి పేగే దాని మీదికి పైకి ఎక్కుతుంది. నేను రెండు పూటలా ఇచ్చిన సూది ఆ లాగుడును ఇంకా బలంగా చేసింది.

కరీంనగర్ పెద్ద దవాఖానకు పంపుదామంటే బస్సులో రెండు గంటల పైన పడుతుంది. అది అర్ధగంట కూడా ఉండేలా లేదు. వీధి కుక్కలకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు కొన్ని చేసి ఉన్నాను, ఆ ధైర్యంతోనే అదే బల్ల మీద పొట్ట తెరిచాను. తట్టుకోదని మత్తు చాలా తక్కువ ఇచ్చాను. నేను కోస్తుండగా ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగి కిటికీ రెక్కలు దడదడలాడాయి. రోజూ జరిగేదే. ఆ రోజు మాత్రం నా చేయి ఆగింది.

లంగా బొందు లాగితే గుడ్డ ఎలా కుచ్చులు పడుతుందో, పేగంతా అలా కుచ్చుకుపోయి ఉంది. కుచ్చుల లోపలి వైపు తీగ రంపంలా కోసింది. ఒక చోట కాదు. రెండు చోట్ల కోసిన భాగం తీసి కుట్టవచ్చు, మూడు చోట్లయినా ప్రయత్నించవచ్చు. నేను ఏడు వరకు చూసి ఇక చూడలేదు. పొట్టంతా మురికి నీళ్లు. మొదటి రోజు నోరు తెరిచి నాలుక కింద మెలికను కత్తిరించి ఉంటే, తీగ కిందికి జారిపోయేదేమో. కనీసం అప్పుడు పొట్ట తెరిస్తే పేగు ఎర్రగా, ఆరోగ్యంగా ఉండేది. నాలుక ఎత్తి చూడ్డానికి రెండు వేళ్లు చాలు. దవడ కింద నుంచి బొటనవేలితో పైకి ఒత్తితే నాలుక అదే లేస్తుంది. అర నిమిషం పని.

భర్తను లోపలికి పిలిచాను. పేగులోంచి తీసి ట్రేలో పెట్టిన పసుపు, ఎరుపు తీగ ముక్క చూసి ఆయన గోడకు ఒరిగి అలాగే కిందికి కూర్చున్నాడు.

"నాకు తెలుసు సార్," అన్నాడు. "ఎండు చాపలు పెట్టిన బుట్ట. మేకుకు ఉండె. కింద పడ్డది. నేను షిఫ్టు దిగి వచ్చేసరికి ఇది దాన్ని కొరుక్కుంట కూసున్నది. పిడి సగం లేదు. తెల్లారి పొద్దుమూకంగ ఇది కక్కవట్టె."

"మరి నిన్న అడిగితే ఎందుకు చెప్పలే?"

"మొన్ననే పక్క లైన్ల సోదా అయింది సార్. ఒకన్ని పట్టుకపోయి రెండు దినాలు ఉంచుకున్నరు. నేను పనిచేసేదే తోటాల కాడ. తీగ అంటే ఎక్కడిదంటరు. నౌకరి పోతది, లోపలేస్తరు. బుట్ట పొయ్యిల పెట్టిన. తీగ అదే పడిపోతదనుకున్న సార్. కోడి బొక్కలు పడిపోతలేవా?"

ఆ మనిషి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆయన భయపడి నోరు మూసుకున్నాడు. నాకు ఏ భయమూ లేదు. నేను తెరవాల్సింది కుక్క నోరు మాత్రమే.

"ఆమెకు చెప్పకుండ్రి సార్," అన్నాడు మళ్లీ. "ఆ బుట్ట అల్లింది నా పెండ్లామే. పోలీసోళ్ల భయానికి కాలబెట్టిన అని చెప్పిన. దాని చేతుల అల్లిన బుట్టే దీన్ని చంపిందని తెలిస్తే అది ఆగమైతది. బుక్కుల గూడ తీగ అని రాయకుండ్రి, మీ కాల్మొక్త."

నేను ఆయన్ను లేపి, రాయనన్నాను. కుట్లు వేయకుండానే మత్తు మందు ఇంకొంచెం ఎక్కించాను. రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది. కాంపౌండర్ తరువాత పొట్టను చక్కగా కుట్టి, వెంట్రుకల మీది నెత్తురు తుడిచి, దాన్ని తెచ్చిన తువ్వాలులోనే చుట్టాడు.

ఆమె నాలుగున్నరకు వచ్చింది. ఎండలో నడిచి వచ్చినట్టుంది, ముఖం కందిపోయింది. చేతిలో చిన్న స్టీలు డబ్బా. నాలుగో రోజు గంజి పట్టమన్నాను కదా, కాచి తెచ్చింది.

భర్త తల ఎత్తలేదు. చెప్పాల్సింది నేనే.

"పార్వో అమ్మా. పేగులు మొత్తం పాడైనయ్. మేం చేసేది చేసినం."

ఇక్కడితో ఆపి ఉంటే, ఈ వ్యాసం రాసేవాణ్ని కాదేమో. బుట్ట సంగతి దాచమని భర్త అడిగాడు, దాచాను. కానీ ఆమె డబ్బా పట్టుకుని నన్ను చూస్తూనే ఉంది. ఆ చూపు ముందు నిలబడలేక, నా తప్పు ఎక్కడ బయటపడుతుందోనన్న బెదురులో ఇంకో మాట అన్నాను.

"టీకా ఉంటే బతికేది."

ఆమె ఏడవలేదు. "అయితే నేనే చంపుకున్న," అంది. అది ప్రశ్న కాదు. రిజిస్టరులో పార్వో అని రాసి సంతకం చేశాను. ఆ నెల నివేదికలో అది కూడా పార్వో మరణాల లెక్కలోకి చేరిపోయింది.

ఆ తరువాత కొన్ని రోజులు నేనూ కాంపౌండరూ పని మాటలే మాట్లాడుకున్నాం. ఒక మధ్యాహ్నం సామాను కడుగుతూ ఆయనే తీశాడు.

"ఆ అమ్మకు చెప్తే మంచిగుండు సార్."

"భర్తే చెప్పొద్దన్నడు గదా."

"ఆయన చెప్పొద్దన్నది బుట్ట ముచ్చట. టీకా ముచ్చట మీరు చెప్పిన్రు."

కత్తెరలు కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో ఆయన గురించి ఎంతో మాట్లాడాను, ఆ టీకా ముచ్చట తప్ప.

ఇక ఆమె సంగతి. రెండు నెలలు గడిచాక ఒక ఉదయం ఆమె గుమ్మంలో కనిపించింది. చేతిలో కుక్కపిల్ల. తనది కాదట, పక్కింటివాళ్లదట. "టీకా ఎయ్యున్రి సారూ. వాళ్లకు తెల్వది, నేనే గుంజుకొచ్చిన," అంది. అప్పటినుంచి ఆ లైన్లలో ఎవరింటికి కుక్కపిల్ల వచ్చినా, వాళ్లకంటే ముందు ఆమె దాన్ని మా దవాఖానకు తెచ్చేది. మూడు వారాలకు రెండో సూది ఏ రోజున వేయాలో ఆమెకు నోటికి వచ్చు. టీకా వద్దనేవాళ్ల గుమ్మంలో కూర్చునేదట. వాళ్లతో ఏం చెప్పేదో నాకు ఒకసారి వినబడింది. వరండాలో ఒక కొత్త కోడలితో అంటోంది: "నేను గిట్లనే పెద్దగైనంక ఏపిద్దామని ఊకున్న చెల్లే. నా చేతులార చంపుకున్న. నువ్వట్ల చెయ్యకు."

మా పై అధికారి ఒకాయన తనిఖీకి వచ్చి, మీ దగ్గర కుక్కల టీకాలు ఇంత బాగా ఎలా సాగుతున్నాయని మెచ్చుకున్నాడు. మెచ్చుకోలు పత్రం కూడా పంపాడు. మా ఆవిడ దాన్ని అద్దం కట్టిస్తానంది. ఇంట్లో పెద్ద గొడవ చేసి ఆపించాను. ఎందుకో ఆవిడకూ చెప్పలేదు.

పక్కిళ్ల పిల్లలను టీకాకు తెచ్చే ఆమె మాత్రం తను మళ్లీ కుక్కను పెంచలేదు. నాలుగేళ్లు గడిచాక ఆమె భర్త ఒకరోజు మందమర్రి బస్సు కోసం నిలబడి కనిపించాడు. అంతకుముందు నన్ను చూస్తే తప్పుకుని పోయేవాడు. ఈసారి నేనే దగ్గరికి వెళ్లి, ఇప్పుడైనా చెబుదామా అని అడిగాను. సోదాలు తగ్గాయి, భయం లేదు కదా అన్నాను.

ఆయన బస్సు వస్తోందేమోనని రోడ్డు వంక చూశాడు. "ఇప్పుడు చెప్తే, ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదని అడుగుతది సార్. నాకాడ జవాబు లేదు. మీకాడ ఉన్నదా?"

బస్సు వచ్చింది. ఆయన ఎక్కాడు. నా దగ్గర జవాబు ఉంది. భర్త భయపడ్డాడు, నేను పరువు చూసుకున్నాను, మా ఇద్దరి మూటా నువ్వు మోశావు అని చెప్పాలి. చెబితే ఆమెకు టీకా నింద పోతుంది, దాని చోట్లో బుట్ట వచ్చి కూర్చుంటుంది. ఏది తేలికో నాకు తెలియదు, తెలియదని చెప్పుకుంటూ ఇంకొన్నేళ్లు గడిపాను. అది నిజంగా తెలియకపోవడమా, తెలుసుకోవాలని లేకపోవడమా అన్నది మీరే తేల్చండి.

రాష్ట్రం వచ్చి, దవాఖాన బోర్డు మీద పాత పేరు చెరిపి కొత్త పేరు రాయించిన ఏడాది నాకు రామగిరి వైపు బదిలీ అయింది. ఆఖరి రోజు చార్జి అప్పగించే కాగితాలు రాసుకుంటున్నాను. ఆమె వస్తుందని తెలుసు, ఎందుకంటే ఒక పిల్లకు రెండో సూది ఆ రోజే వేయాలి. ఈ రోజు చెప్పేస్తాను అనుకున్నాను. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను. కొత్త కాంపౌండర్‌ను ఏదో పని చెప్పి బయటికి పంపాను.

పదకొండింటికి వచ్చింది. జుట్టు నెరిసింది. పిల్లను బల్ల మీద పెట్టింది. నేను మందు సిరంజిలోకి ఎక్కించుకుంటూ గొంతు సవరించుకున్నాను.

"పోతున్రట గదా సారూ," అంది ఆమె ముందుగా. "మిమ్ములను ఒక్క ముచ్చట అడుగుదామని ఎప్పటిసందో అనుకుంటున్న. ఆ యేడు గిట్ల జల్ది తెచ్చి సూది ఏపిస్తే, అది బతుకు గదా?"

నా నోట్లో మాట తయారుగా ఉంది. ఆమె నా ముఖం చూస్తోంది. ఎనిమిదేళ్లుగా ఆమె మోసుకొచ్చిన పిల్లలన్నీ ఆ ఒక్క ప్రశ్న కోసమే అని అప్పుడు అర్థమైంది.

"అవునమ్మా," అన్నాను. "బతికేది."

ఆమె తల ఊపి, పిల్ల కదలకుండా రెండు చేతులా పట్టుకుంది. నేను సూది వేశాను.